అమ్మణి చెప్పని పేర్లు

కృష్ణప్ప నీళ్ళు చల్లి ఆవు పొదుగు కడిగేసరికి అమ్మణి చిన్న పీట వేసుకుని సిద్ధంగా ఉంది. బకెట్టును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, వేళ్ళకు కాస్త ఆముదం రాసుకుని, పితకడం మొదలుపెట్టింది. మొదటి ధారలు బకెట్టు అడుగున చుర్రుచుర్రుమన్నాయి. కాసేపటికి నురుగు కమ్ముకుని చప్పుడు మెత్తబడింది. చప్పుడు మెత్తబడగానే, రోజూలాగే, ఆమె పెదవులు కదలడం మొదలయింది.

మూడున్నరేళ్ళుగా ఇదే వరస. మాట పైకి వినపడదు. గొణుగుడు మాత్రం ఒకే తీరుగా, ఒకే పొడవున సాగి, ఒకచోట ఆగి, మళ్ళీ మొదటికి వస్తుంది. ఏదో స్తోత్రం అనుకున్నాడు కృష్ణప్ప. ముప్పైరెండేళ్ళ కాపురంలో ఆమె దేవుళ్ళ సంగతిలో అతను ఏనాడూ వేలు పెట్టలేదు.

"బిరీన కానీ. పొద్దెక్కితే బస్సులో నిలబడాల," అన్నాడు.

ఆమె తలూపింది. పెదవులు ఆగలేదు.

యాభైనాలుగేళ్ళ మనిషి. పొట్టి. నడిచేటప్పుడు ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది. మోచేతుల కిందుగా రెండు చేతులకూ ఆవిరి కాల్చిన మచ్చలు, సున్నం పెచ్చులూడిన గోడలాగా తెల్లగా, అంచులు ఎర్రగా. సంతలో ఎదురైతే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. ఏదైనా పెళ్ళిలో తీసిన ఫోటోలో ఆమె ఎక్కడుందో వెతుక్కోవాలి. ఎప్పుడూ ఇంకెవరి భుజం వెనకో సగం ముఖంతో ఉంటుంది.

పాలు వడగట్టి, స్నానం చేసి, కాఫీరంగు చీర కట్టుకుని వచ్చింది. కృష్ణప్ప ఇంకా వసారాలోనే తచ్చాడుతున్నాడు.

"పోయి తీరాల్నా?"

"పోవాల గదా మామా. ఆ బిడ్డ లోకేశ్వరి నాలుగు తూర్లు ఫోన్ చేసింది."

"మళ్ళీ ఏమన్నా అయితే?"

"ఇంగేముండాది అయ్యేదానికి?" అని నవ్వి, తలుపుకు గొళ్ళెం పెట్టింది.

గుడియాత్తానికి మూడు మైళ్ళ అవతల వాళ్ళకు ఎకరన్నర నేల ఉంది. తాతల నాడు పన్నెండెకరాలు. పంపకాల్లో కరిగి కరిగి అంతయింది. బోరు ఎండిపోయిన ఏడాది అమ్మణి గుడియాత్తంలో ఒక నర్సింగ్ హోమ్‌లో పనికి చేరింది. కాపు ఇంటి కోడలు ఆసుపత్రిలో గిన్నెలు కడగడమేమిటని బంధువులు మూతులు తిప్పారు. గిన్నెలు కాదు, ఆపరేషన్ కత్తెరలు అని ఆమె ఎవరికీ చెప్పబోలేదు.

కత్తెరలు, పట్టుకార్లు, ఆపరేషన్‌లో పరిచే గుడ్డలు శుభ్రంగా కడిగి, పచ్చగుడ్డలో మూటలు కట్టి, ఆవిరి మిషనులో ఉడికించడం ఆమె పని. మూట మీద ఒక టేపు అతికిస్తారు. టేపు మీద తెల్లటి గీతలుంటాయి. ఆవిరి సరిగ్గా లోపలికి దిగితే ఆ గీతలు నల్లబడతాయి. నల్లబడని మూట ఆపరేషన్ థియేటరులోకి పోకూడదు. చేరిన రోజు ఒక పెద్ద నర్సు చెప్పిన ఈ మాటను ఎనిమిదో తరగతి చదివిన అమ్మణి ఒక్కసారే విన్నది. ఇరవైరెండేళ్ళు మరవలేదు. "ఆవిరికి మొగమాటం ఉండదు మామా. ఉడికితే ఉడికినట్టు, లేకుంటే లేనట్టు," అనేది ఇంట్లో అన్నం వార్చేటప్పుడు.

వేలూరు బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. కిటికీ పక్క అమ్మణి, ఇవతల కృష్ణప్ప. శివరాత్రి వచ్చే మాసి నెల ఎండ పొద్దున్నే చురుక్కుమంటోంది. ఎక్కేటప్పుడు ఆయాసపడిన అమ్మణి రెండు నిమిషాలు కళ్ళు మూసుకుంది. గుండెకు బలం చాలదని డాక్టరు చెప్పి ఏడాదవుతోంది. బస్సు పళ్ళికొండ వైపు తిరిగాక కృష్ణప్పకు ఆ పాత సంగతులన్నీ కళ్ళముందు తిరిగాయి.

మూడున్నరేళ్ళ కిందట ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, మిషను తలుపుకుండే రబ్బరు చీలిపోయింది. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు పైకి లేవడం మానేసింది. గీతలు తెల్లగానే ఉండిపోయాయి. కొత్తది వచ్చేదాకా ఎట్లాగో నెట్టుకురమ్మన్నాడు మేనేజరు గోవిందన్. కుదరదంది అమ్మణి. మర్నాడు అతను ఒక నల్ల మార్కర్ పెన్ను తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"గీతలే గదమ్మా కావాల్సింది?"

ఆమె ఆ పెన్ను ముట్టుకోలేదు. అతనే గీసుకున్నాడు. ఆమె పెద్ద గిన్నెల్లో నీళ్ళు మరిగించి, చేతనయినంతమటుకు కత్తెరలు ఉడకబెట్టింది. గుడ్డల మూటలకు ఆ ఉడుకు చాలదు. ఏ మూట ఏ తల్లి కాన్పుకు పోయిందో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకుంది. నెలన్నరలో పదకొండుమంది బాలింతలు కుట్లలో చీముపట్టి తిరిగొచ్చారు. తొమ్మిదో అమ్మాయి ఇంటికి పోలేదు.

ఆ రోజు అమ్మణి పనినుంచి వచ్చి పశువుల తొట్టి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది. ఎంతసేపటికీ రాకపోతే కృష్ణప్ప వెళ్ళి చూశాడు.

"బిడ్డను వాళ్ళవ్వ ఎత్తుకుపోయింది మామా," అంది. అంతే.

మర్నాడు కూర్చుని అరవంలో తన చేత్తోనే అర్జీ రాసింది. పేరు పెట్టవద్దని కృష్ణప్ప కాళ్ళబేరానికి వచ్చాడు. పేరు లేని కాగితం చెత్తబుట్టకు పోతుందని ఆమె పేరు పెట్టింది. 'దయచేసి నా పేరు ఎవరికీ తెలియనివ్వవద్దు' అని పైన ఒక ముక్క కలిపింది. ఆసుపత్రులను తనిఖీ చేసే పై ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో పంపింది. అయిదో రోజుకు ఆ అర్జీ నకలు గోవిందన్ బల్ల మీద ఉంది. పైన రాసిన ఆ ముక్క కింద ఎవరో ఎర్ర సిరాతో గీత కూడా గీశారు.

ఆ తరువాత జరిగినవన్నీ ఒకదాని వెనక ఒకటి, మెట్లమీద నుంచి బిందె దొర్లినట్టు జరిగాయి. తనిఖీకి వస్తున్నామని ముందే కబురు చేసి మరీ వచ్చారు అధికారులు. అప్పటికి గదిలో తళతళలాడే కొత్త మిషను ఉంది. అర్జీ ఉత్తదని తేల్చి మూసేశారు. అమ్మణి అల్మారా వెతికి నోటుబుక్కు తీసుకున్నారు. సంచిలో కత్తెర దొరికిందన్నారు. దొంగతనం కేసన్నారు. పాల డిపోవాడు నీళ్ళు కలిపారని పాలు తిప్పి పంపాడు. వేలూరులో ల్యాబులో పనిచేసే కొడుకు విఘ్నేష్‌ను రేపటినుంచి రావద్దన్నారు. వాడు హోసూరు వెళ్ళి ఏదో ఫ్యాక్టరీలో చేరాడు.

అప్పుడు కృష్ణప్ప ఒక పని చేశాడు. పెళ్ళానికి చెప్పకుండా గోవిందన్ దగ్గరికి వెళ్ళాడు. 'నా భార్యకు మతి నిలకడ లేదు. ఆమె రాసింది పట్టించుకోవద్దు' అని వాళ్ళు టైపు చేసి ఉంచిన కాగితం మీద సంతకం పెట్టాడు. కేసు పోయింది. బయటికి వచ్చి, గడప దగ్గర విడిచిన చెప్పులు కూడా మరిచిపోయి, మూడు మైళ్ళూ ఒట్టికాళ్ళతో నడిచి ఇల్లు చేరాడు. చెప్పులేవని అమ్మణి అడిగితే తెగిపోయినాయి, పారేసినానన్నాడు.

పోలీసులే జాలిపడి వదిలేశారని ఆమె నమ్మిందనుకున్నాడు.

ఇప్పుడు ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. తప్పు జరుగుతోందని చెప్పినవాళ్ళకు చట్టంలో ఇంకా గట్టి రక్షణ ఎట్లా ఉండాలో జిల్లా జిల్లాకూ తిరిగి జనాన్ని అడుగుతోంది. ఆ కమిటీకి సాయం చేస్తున్న కుర్ర లాయరు లోకేశ్వరి. గుడియాత్తం పిల్లే. పై ఆఫీసులో పాత అర్జీల కట్టలు తిరగేస్తుంటే అసలు అర్జీ మీద కూడా ఆ ఎర్రగీత కంటబడి, అమ్మణిని వెతుక్కుంటూ వచ్చింది.

వేలూరు కలెక్టరాఫీసు పై అంతస్తులో ఆ కమిటీ సభ పెట్టారు. అమ్మణి మెట్లమీద రెండుసార్లు ఆగింది. లోకేశ్వరి నీళ్ళ సీసాతో పరుగున దిగి వచ్చింది.

"మెల్లిగా రాండమ్మా. లోపల తెర కట్టినాము. మీరు తెరెనక కూర్చోవచ్చు. పేరు పిలవరు, నంబరే. మీది పద్నాలుగు."

"తెర బట్ట బాగుండాదే," అంది అమ్మణి లోపలికి రాగానే, అంచును వేళ్ళతో పట్టుకుని చూస్తూ. అది ఆసుపత్రి పచ్చరంగు.

హాలులో వందమంది దాకా ఉన్నారు. ఎదురుగా పొడుగు బల్ల. మధ్యలో తల పూర్తిగా నెరిసిన రిటైర్డు జడ్జి దేవేంద్రన్. ఆయనకు కుడివైపు ఆసుపత్రి యజమానుల తరఫున వచ్చిన లాయరు నందకుమార్. కృష్ణప్ప చివరి వరసలో కూర్చుని, లేచి పోవడానికి వీలుగా ఒక కాలు వరస బయటే పెట్టుకున్నాడు.

పద్నాలుగో నంబరు పిలిచారు. తెర వెనకనుంచి అమ్మణి గొంతు వచ్చింది. అరవంలో మొదలుపెట్టి, నడుమ తెలుగులోకి జారి, మళ్ళీ అరవంలోకి పోతూ చెప్పింది. ఎట్లా వస్తే అట్లా చెప్పమన్నాడు జడ్జి. మిషను సంగతి, మార్కరు సంగతి, నోటుబుక్కు సంగతి, అన్నీ వంట చెప్పినట్టు చెప్పింది. ఎక్కడా గొంతు పెరగలేదు.

నందకుమార్ లేచాడు. మర్యాదస్తుడే. 'అమ్మా' అనే పిలిచాడు.

"అమ్మా, తనిఖీలో మీ అర్జీ తప్పని తేలింది. ఔనా?"

"ఔనప్పా. మిషను కొత్తది కొన్నాక వచ్చి చూసినారు. అప్పుడు తప్పే."

"అంటే మీరు ఓడిపోయారు."

"యాడ ఓడినాను? కొత్త మిషను వచ్చింది గదా. ఆ పొద్దునుంచీ కాన్పులయిన వాళ్ళకు చీము పట్టలా. నాకు కావాల్సింది అదే."

హాలులో ఎవరో కుర్చీలో కదిలారు. నందకుమార్ కాసేపు కాగితాలు చూశాడు.

"పదకొండుమందికి అన్యాయం జరిగిందంటున్నారు. పుస్తకం లేదు. సాక్ష్యం లేదు. రేపు ఎవరైనా వచ్చి వందమంది అంటారు. అట్లాంటివాళ్ళందరికీ చట్టం గొడుగు పట్టాలా?"

తెర వెనక ఆమె మొదలుపెట్టింది.

"ఆడి ఇరవయ్యారు. నాలుగో మూట. పళ్ళికొండ పక్క అమ్మాయి. మగబిడ్డ. తొమ్మిదో దినం కుట్లు విడినాయి. ఆడి ఇరవై తొమ్మిది. ఏడో మూట. గుడియాత్తం. ఆడబిడ్డ. పదకొండో దినం. ఆవణి రెండు. ఒకటో మూట. తొరపాడినుంచి పుట్టింటికి వచ్చిన పిల్ల. కవలలు. ఏడో దినం జరం..."

కృష్ణప్ప తల ఎత్తి తెరవైపు చూశాడు.

మాటలు కొత్తవి. తీరు పాతది. ఒకే పొడవు, ఒకే విరుపు. ఎక్కడ ఊపిరి పీలుస్తుందో, ఎక్కడ గొంతు దిగుతుందో అతనికి ముందే తెలిసిపోతోంది. పాలనురుగు మీదుగా వెయ్యిసార్లు విన్నాడు. దేవుడి పేర్లనుకున్నాడు. పుస్తకం లాక్కున్నారు గనక ఈ మనిషి పుస్తకాన్ని నోట్లో పెట్టుకుని, ఎక్కడ ఒక్క తేదీ జారిపోతుందోనని, ప్రతి ఉదయం ఆవు దగ్గర కూర్చుని వల్లె వేస్తూ వచ్చింది. పక్కనే చెంబు పట్టుకుని తను నిలబడి ఉన్నాడు.

"...ఆవణి పందొమ్మిది. మూడో మూట. ఒడుగత్తూరు పక్క, కొండకింద ఊరు. మగబిడ్డ. బిడ్డ బాగుండాడు. తల్లి ఆరో దినం పోయింది."

అక్కడ ఆగింది. ఇంట్లో కూడా అక్కడే ఆగేది. మళ్ళీ అందుకుని పదకొండూ పూర్తిచేసింది.

పొడుగు బల్ల దగ్గర టైపు చేస్తున్న ఆమె చేతులు ఎత్తి అట్లాగే ఉంచింది.

"వాళ్ళ పేర్లు?" అన్నాడు నందకుమార్. అతని గొంతు తగ్గింది.

"తెలుసు. చెప్పను."

"చెప్పకపోతే ఎట్లా నమ్మేది?"

"నమ్మొద్దు నాయనా. నా పేరు నమ్మి ఇస్తే ఏమయిందో చూసినాను. వాళ్ళ పేర్లు నా నోట్లోంచి పోకూడదు. చిన్నబిడ్డల తల్లులు. వాళ్ళ ఇండ్లకు ఎవురెవురు పోతారో."

జడ్జి ముందుకు వంగాడు. "నాకొక్కడికే చెప్తారామ్మా? కవరులో పెట్టి సీలు వేస్తాను."

"మీరు మంచోళ్ళే అయ్యా. ఆ ఆఫీసులో ఉండినాయన కూడా మంచోడే అని చెప్పినారు." ఆమె తడబడలేదు. "చట్టం రాయండి. మా పేరు మీ కాడికొస్తే మీ కాడే ఉంటాది, బయట పెట్టినోడికి శిక్ష ఉంటాది అని రాయండి. ఆ పొద్దు నేనే పోయి ఆ తల్లుల్ని అడుగుతాను. సరి అనినోళ్ళ పేర్లు తెచ్చిస్తాను."

జడ్జి కలం తీసి ఏదో రాసుకున్నాడు. రాసుకుంటూనే తల ఊపాడు.

అప్పుడు నందకుమార్ తన కాగితాల అడుగునుంచి ఒకటి తీశాడు. దూరంనుంచే కృష్ణప్ప దాన్ని గుర్తుపట్టాడు. కింద తన సంతకం, చివర 'ప్ప' తోక కాగితం అంచు దాకా పోయిన సంతకం. లేచి పోదామని పెట్టుకున్న కాలు కదల్లేదు.

"అమ్మా, నాకు ఇది చదవడం ఇష్టం లేదు. కానీ చదవాలి. మీకు మతి నిలకడ లేదని మీ భర్తే రాసిచ్చారు."

చదివాడు. రెండు వాక్యాలే. హాలులో ఉన్నవాళ్ళంతా తెరవైపు చూశారు. కృష్ణప్పకు మాత్రం అందరూ తనవైపే చూస్తున్నట్టు ఉంది.

"ఇదో, ఈ తెర తీయండమ్మా," అంది అమ్మణి.

లోకేశ్వరి కంగారుపడింది. "వద్దమ్మా, మీకోసమే..."

"నా పేరు అందరికీ తెలిసిందే గదా. ఇది పదిహేనో నంబరుకు ఉంచండి. నన్ను చూడనీ."

తెర పక్కకు జరిపారు. పొట్టి మనిషి, కాఫీరంగు చీర, ఒళ్ళో రెండు చేతులు. ఆ చేతుల మీది మచ్చలు చివరి వరసకు కూడా కనపడ్డాయి. ఆమె కృష్ణప్ప కోసం వెతకలేదు. జడ్జినే చూస్తూ చెప్పింది.

"సంతకం ఆయనదే. నాకు తెలుసు. ఆ పొద్దు చెప్పుల్లేకుండా ఇంటికొచ్చినాడు. పాదాలంతా బొబ్బలు. పోయి రాసిచ్చినాడని ఆ మేనేజరే ఫోన్ చేసి నాకు చదివి వినిపించినాడు."

కృష్ణప్ప లెక్క వేసుకున్నాడు. మూడున్నరేళ్ళు. ఆ మూడున్నరేళ్ళలో ఎన్ని పూటలు ఆమె చేతి అన్నం తిన్నాడు! ఒక్క మాట, ఒక్క దెప్పు, కోపం వచ్చినప్పుడైనా ఒక్క ముల్లు తగలలేదు.

"మీరు దీన్ని నా మీద సాక్ష్యం అంటుండారు. నేను ఇది మీ చట్టానికి సాక్ష్యం అంటాను. అర్జీ ఇచ్చింది నేను. వాళ్ళు నా దగ్గరకు రాలా. నా మొగుడి కాడికి, నా కొడుకు కాడికి, పాలు పోసే చోటికి పోయినారు. నేను తట్టుకుంటాను, తెలిసే చేసినాను. ఆయన ఏం తట్టుకుంటాడు? చట్టం నాకొక్కదానికే రాస్తే చాలదు అయ్యా. ఇంట్లో వాళ్ళక్కూడా రాయండి. అంతే నేను చెప్పాల్సింది."

లేచింది. జడ్జికి నమస్కారం పెట్టింది. దేవేంద్రన్ కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడి ప్రతినమస్కారం చేశాడు. ఆయన లేవడం చూసి బల్ల దగ్గరున్న వాళ్ళు లేచారు. ఆ వెనక, ఎవరూ చెప్పకుండానే, వరసలు వరసలుగా హాలంతా లేచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నందకుమార్ కూడా నిలబడ్డాడు, కాగితం చేతిలో కిందికి వాలిపోయి. అందరికంటే ఆఖరున లేచింది కృష్ణప్ప.

మనుషుల మధ్యనుంచి ఆమె మెల్లిగా, ఎడమ కాలు ఈడుస్తూ నడిచి వస్తోంది. జనం దారి ఇస్తున్నారు. ఎవరీమె అనిపించింది అతనికి. ముప్పైరెండేళ్ళుగా ఒకే కప్పు కింద తనతో ఎవరు ఉన్నట్టు? గుడిలో మూలవిరాట్టు ముందు తెర తొలగినప్పుడు ఒక క్షణం ఒళ్ళు చల్లబడుతుందే, అట్లా అయింది. భయం లాంటిదే, కానీ భయం కాదు.

"పోదామా మామా? ఆకలవతా ఉండాది," అంది దగ్గరకొచ్చి.

కలెక్టరాఫీసు ఎదుట మెస్సులో సాంబారన్నం తిన్నారు. కృష్ణప్ప ముద్ద కలిపి కలిపి అట్లాగే కూర్చున్నాడు.

"తెలిసి కూడా అడగలేదే నువ్వు?"

"అడిగితే ఏం చెప్తావు?"

అతను కలిపిన ముద్దను ఆకు అంచుకు జరిపాడు.

"దానికే అడగలా," అంది. తన ఆకులోని అప్పళం తీసి అతని ఆకులో వేసింది. "తిను. నాలుగు గంటల బస్సు పోతే మళ్ళీ ఆవు అరస్తాది."

తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. పాలారు వంతెన మీద ఎండ అడ్డంగా పడి ఆమె ముఖం మీద కమ్మీల నీడలు గబగబా పరుగెత్తాయి. కృష్ణప్ప ఆ ముఖాన్ని పక్కనుంచి చూస్తూ కూర్చున్నాడు. తన పెళ్ళాన్ని ఇంతసేపు చూడటం పెళ్ళయిన కొత్తలో కూడా చేయలేదు. ఒకచోట బస్సు కుదుపుకు కళ్ళు తెరిచి, "ఏందట్ల చూస్తావు?" అంది. "ఏం లేదులే," అన్నాడు.

ఆ తరువాత పందొమ్మిది రోజులు బతికింది.

మామూలు రోజులే. ఒకనాడు మధ్యాహ్నం అతను ఆవుకు గడ్డి వేసి, కుడితి కలిపి, చేతులు తుడుచుకుంటూ ఇంట్లోకి వచ్చేసరికి ఆమె చింతపండు చేట పక్కన పెట్టుకుని వసారా స్తంభానికి వీపు ఆనించి కూర్చుని ఉంది. కునుకు తీస్తోందనుకుని చప్పుడు చేయకుండా లోపలికి పోయి నీళ్ళు తాగాడు. తిరిగి వచ్చి చూసినప్పుడు కూడా అట్లాగే ఉంది. ముఖంలో నొప్పి లేదు. చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.

విఘ్నేష్ వచ్చి కొరివి పెట్టాడు. మూతులు తిప్పిన బంధువులు వచ్చారు. వాళ్ళ వెనక, కృష్ణప్ప ఎన్నడూ చూడని ఆడవాళ్ళు కొందరు బస్సులు మారి వచ్చారు. ఒకామె చంకలో మూడేళ్ళ పిల్లాడు. ఎక్కడినుంచి వచ్చారని అతను అడగబోయి, మానుకున్నాడు. వాళ్ళు పేర్లు చెప్పలేదు. పాడె లేవకముందే అమ్మణి కాళ్ళకు మొక్కి, కాసేపు కూర్చుని, వెళ్ళిపోయారు.

అయిదో రోజు లోకేశ్వరి ఫోన్ చేసింది. సంగతి తెలియక, గొంతులో ఉత్సాహంతో చేసింది. అమ్మణి పోయిందని అతను చెప్పాడు.

"ఏంటికమ్మా ఫోన్ చేసినావు?" అని అతనే అడిగాడు.

"రిపోర్టు రాసినాము నాయనా. అమ్మ మాటలు సరిగ్గా వచ్చినాయా అని ఆమెకే చదివి వినిపిద్దామని... ఇంట్లోవాళ్ళకు కూడా రక్షణ ఉండాలనేది మొదటి పేజీలో పెట్టమన్నారు జడ్జిగారు. పేరు బయటపెట్టినవాడికి శిక్ష అనేది కూడా. ప్రభుత్వం ఒప్పుకుంటుందో లేదో తెలీదు. కానీ రాసినాము."

"నాకు చదువు."

ఆమె చదివింది. అరవంలో. పద్నాలుగో సాక్షి అని ఉంది, పేరు లేదు. అమ్మణి మాటలు అచ్చులోకి పోయేసరికి కొంచెం గంభీరంగా మారాయి, అయినా ఆమెవే. కృష్ణప్ప ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని, చివరిదాకా నిలబడి విన్నాడు.

"ఏమన్నా మార్చాలంటే ఇప్పుడే చెప్పండి నాయనా."

"ఒకటుండాది. ఆ పొద్దు లాయరు చదివినాడే, ఆ కాయితం. అది ఉత్తదని ఆమె మొగుడు ఒప్పుకున్నాడని కూడా రాయి. నా పేరు పెట్టే రాయి."

"మీ పేరుతోనా?"

"కృష్ణప్ప. గుడియాత్తం తాలూకా. రాసుకో."

ఫోన్ పెట్టేసి అతను వసారాలో, స్తంభానికి ఇవతలగా, నేలమీద కూర్చున్నాడు. ఎండ వాలి గోడమీదికి పోయింది. ఇంటికి వచ్చిన ఆడవాళ్ళు అన్నీ సర్దారు గానీ, స్తంభం పక్కనున్న ఆ చేటను మాత్రం ఎవరూ తీయలేదు. అందులో గింజ తీసిన చింతపండు ఒక పక్క, తీయనిది ఒక పక్క, రెండింటి మధ్య సగం చీల్చిన ఒక కాయ, దాన్లోంచి బయటికి వచ్చీ రాకుండా నల్లగా మెరుస్తున్న గింజ.